వెలిగే బ్యాక్టీరియా కల్చర్ చిక్కగా పెరిగింది, వెలుగు మాత్రం రాలేదు. ఎక్కడ తప్పు చేశాను?

కాసిమేడు కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. చెన్నైలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు. ప్రాజెక్టుకి వెలిగే బ్యాక్టీరియా తీసుకున్నాను. తీసుకున్నప్పుడు సరదాగానే ఉంది, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి కాసిమేడు హార్బర్‌కి వెళ్లి రెండు స్క్విడ్‌లు కొన్నాను. ఇక్కడ వాటిని కణవా అంటారు. టిఫిన్ డబ్బాలో ఉప్పునీళ్లు పోసి, సగం మునిగేలా పెట్టి, ఏసీ ఉన్న స్నేహితుడి గదిలో ఉంచాను. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మర్నాడు రాత్రి లైటు ఆపి పది నిమిషాలు కూర్చుంటే చర్మం మీద ఆవగింజంత నీలం చుక్కలు కనిపించాయి. ఒక చుక్కని టూత్‌పిక్‌తో తీసి ప్లేటు మీద గీశాను. మూడోసారి గీసేసరికి శుభ్రమైన కాలనీలు వచ్చాయి, అన్నీ వెలిగాయి. అమ్మకి వీడియో కాల్ చేసి చూపిస్తే "నల్లగా ఉందిరా, కరెంటు పోయిందా?" అంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అదే కాలనీని ద్రవంలో పెంచాను. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 200 మిల్లీలీటర్ల మీడియం, అంటే బ్యాక్టీరియాకి తిండి ఉన్న ద్రవం. బాగా పెరగాలని 1 శాతం గ్లూకోజ్ వేశాను. షేకర్ వేరేవాళ్ల చేతిలో ఉంది కాబట్టి, అందరి ఇ.కోలై (ల్యాబుల్లో మామూలుగా పెంచే బ్యాక్టీరియా) ఉండే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోనే కదపకుండా పెట్టేశాను. పొద్దున్నకి మజ్జిగలా చిక్కబడింది. డార్క్ రూమ్‌లో చూస్తే చీకటి. ఇంకో అరగంట కూర్చున్నా చీకటే.

జనాభా పెరిగితే వెలుగు దానంతటదే వస్తుందని పుస్తకంలో ఉంది. నా దగ్గర జనాభా కోట్లలో ఉంది, వెలుగు లేదు. గైడ్ "కంటామినేషన్ అయ్యుంటుంది, వేరే బ్యాక్టీరియా కలిసిపోయి ఉంటుంది" అని వెళ్లిపోయారు. మళ్లీ ప్లేటు మీద గీస్తే మాత్రం అదే కాలనీ, అదే వెలుగు. అసలు ఈ జీన్లు ఎప్పుడు ఆన్ అవుతాయి, ఎవరు ఆన్ చేస్తారు? ఎవరైనా తెలుగులో చెప్తే బాగుంటుంది, ఇంగ్లీషులో నాలుగుసార్లు చదివాను.

ఈసీఆర్ సైకిల్

2019 ఆగస్టులో తిరువాన్మియూర్ బీచ్‌లో అలలు నీలంగా వెలిగిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. కాలు పెడితే చుట్టూ మెరిసేది. మీ బ్యాక్టీరియా అదేనా? అయితే కణవా కొనడం ఎందుకు, బక్కెట్‌తో నీళ్లు ముంచుకుంటే పోయేది కదా.

పెరంబూర్ పాత ల్యాబ్

సైకిల్ బాబూ, అది ఇది కాదు. ఆ రాత్రి చెన్నైలో వెలిగింది నాక్టిల్యూకా అనే ఏకకణజీవి. బ్యాక్టీరియా కాదు. దాన్ని కదిలిస్తేనే మెరుస్తుంది, ఆ మెరుపు సెకనులోపే పోతుంది. అల విరిగిన చోట, నువ్వు కాలు పెట్టిన చోట మాత్రమే వెలుగు రావడానికి కారణం అదే. అక్కడ జీన్ల ప్రసక్తి లేదు. సరుకంతా లోపల ముందే సిద్ధంగా ఉంటుంది, తాకగానే కణంలోని చిన్న సంచుల్లో ఆమ్లత్వం పెరిగి వెలుగుతుంది. బ్యాక్టీరియా వెలుగు తాకితే రాదు, వదిలితే పోదు. నిలకడగా, బెడ్‌లైట్‌లా ఉంటుంది.

ఇప్పుడు ఒంగోలు బాబు సంగతి. 250 ఫ్లాస్కులో 200 పోశావా నాయనా? పైగా కదపకుండా? ఇరవై రెండేళ్లు ల్యాబ్ ఇన్‌చార్జిగా పనిచేశాను, ఈ ఫ్లాస్కు ఏటా ఎవరో ఒకరు పోస్తూనే ఉంటారు. నువ్వు ఒకటి కాదు, మూడు తప్పులు ఒకేసారి చేశావు. అందుకే అంతు చిక్కలేదు. విడదీసి చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు వెలుగుకి ఏం కావాలో చూడు. లూసిఫెరేజ్ అనే ఎంజైమ్, ఎఫ్ఎమ్ఎన్‌హెచ్2 అనే ఫ్లేవిన్, పొడుగాటి గొలుసున్న ఒక ఆల్డిహైడ్, ఆక్సిజన్. ఈ నాలుగూ కలిస్తే 490 నానోమీటర్ల దగ్గర నీలి పచ్చ వెలుగు వస్తుంది. ఆక్సిజన్ లేకపోతే మిగతా మూడూ ఉన్నా చీకటే. గాలి తీసేస్తే కుళ్లిన చేప వెలగడం మానేస్తుందని రాబర్ట్ బాయిల్ 1660ల్లోనే గాలి పంపుతో చూశాడు. అప్పటికి బ్యాక్టీరియా అంటే ఎవరికీ తెలీదు.

నీ ఫ్లాస్కులో కోట్ల కణాలు కలిసి, ఉన్న ఆక్సిజన్ అంతా పీల్చేసి కూర్చున్నాయి. ఇది నిమిషంలో తేలే విషయం. నిండా పెరిగిన కల్చర్ని పొడుగు టెస్ట్‌ట్యూబ్‌లో పోసి చీకట్లో నిలబెట్టు. బాగున్న కల్చర్ అయితే పైన, గాలి తగిలే చోట, ఉంగరంలా సన్నటి నీలి గీత ఒక్కటే కనపడుతుంది. ట్యూబ్‌ని మూతపెట్టి గట్టిగా ఒకసారి ఊపు. మొత్తం గొట్టం ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంది. ఊపడం ఆపితే కాసేపటికి కింద నుంచి చీకటి ఎక్కుతూ వస్తుంది, మళ్లీ పైన ఉంగరమే మిగులుతుంది. నేను మొదటిసారి చూసిన రోజు ఇంటికి వెళ్లే బస్సు తప్పిపోయింది.

ఊపినా వెలగకపోతే ఎంజైమే లేదన్నమాట. అప్పుడు జీన్ల దగ్గరికి రావాలి.

విబ్రియో ఫిషెరి అనే వెలిగే సముద్రపు బ్యాక్టీరియా కథ చెప్తాను, ఎందుకంటే మొదట తేలింది అందులోనే. కొత్త మీడియంలో కొద్దిగా వేస్తే కణాలు పెరుగుతాయి కానీ వెలుగు పెరగదు. కొన్ని గంటలు అలాగే ఉండి, ఒక దశలో ఒక్కసారిగా లేస్తుంది. మీడియంలో ఏదో అడ్డుకునే పదార్థం ఉందని, కణాలు దాన్ని తినేశాక వెలుగు వస్తుందని మొదట అనుకున్నారు. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ దానికి ఇంకో సంగతి చేర్చారు. కణాలే ఏదో బయటికి వదులుతున్నాయి, అది పోగుపడితేనే జీన్లు తెరుచుకుంటున్నాయి. పాత కల్చర్ నుంచి కణాలు తీసేసి ఆ నీళ్లలో కొత్త కణాలు వేస్తే వెలుగు తొందరగా వచ్చింది. ఆ పదార్థం ఏమిటో 1981లో తేలింది. హోమోసెరీన్ లాక్టోన్ జాతి చిన్న అణువు. 1983లో ఎంగెబ్రెక్ట్, నీల్సన్, సిల్వర్‌మన్ కలిసి ఫిషెరి డీఎన్ఏలో 9 వేల బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్క ఒకటి తీసి ఇ.కోలైలో పెట్టారు. ఇ.కోలై వెలిగింది. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, అది కూడా పల్చగా ఉన్నప్పుడు వెలగలేదు, చిక్కబడ్డాకే వెలిగింది. అంటే సరంజామా ఒక్కటే కాదు, ఎప్పుడు వెలగాలో చెప్పే తెలివి కూడా ఆ ముక్కలోనే ఉంది.

మన పెళ్లిళ్లలో బంతి భోజనం చూశావు కదా. విస్తళ్లు వేసి కూర్చోబెడతారు. నలుగురు కూర్చుంటే వడ్డించరు. బంతి నిండాలి. అయితే ఇక్కడ తలలు లెక్కపెట్టే పెద్దమనిషి లేడు. ప్రతి కణం లక్స్ ఐ అనే ఎంజైమ్‌తో ఆ అణువుని కొంచెం కొంచెం తయారుచేస్తూ ఉంటుంది. అది పొర దాటి బయటికి పోతుంది, లోపలికీ వస్తుంది. సముద్రంలో ఒంటరిగా ఉంటే నీళ్లలో కలిసిపోతుంది. ఇరుకులో గుంపుగా ఉంటే లోపలా బయటా పోగుపడుతుంది. అప్పుడు లక్స్ ఆర్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఆ జత వెళ్లి లక్స్ బాక్స్ అనే 20 బేస్‌ల చోట కూర్చుని ఆపరాన్‌ని, అంటే ఒకే స్విచ్ కింద వరుసగా ఉండే జీన్ల గుంపుని, ఆన్ చేస్తుంది. ఆ ఆపరాన్‌లో లక్స్ ఎ, బి జీన్లు లూసిఫెరేజ్‌కి, సి, డి, ఇ ఆల్డిహైడ్ తయారీకి. వరుసలో మొట్టమొదటి జీన్ ఏదో తెలుసా? లక్స్ ఐ. అణువుని తయారుచేసే జీనే. ఆన్ అయితే అణువు ఎక్కువ, అణువు ఎక్కువైతే ఇంకా ఆన్. పొయ్యి మీద పాలలాగా చాలాసేపు ఏమీ కనపడదు, తిరిగి చూసేలోపు పొంగుతుంది. ఈ మొత్తానికి కోరం సెన్సింగ్ అని పేరు వచ్చింది 1994లో. మన పేపర్లలో "కోరం లేక సభ వాయిదా" అని రాస్తారే, ఆ కోరమే.

ఎందుకింత తతంగం అంటే ఖర్చు. పూర్తిగా వెలిగే కణంలో కరిగే ప్రోటీన్‌లో దాదాపు 5 శాతం లూసిఫెరేజే ఉండొచ్చు. ఒక్క కణం వెలిగితే ఎవరికీ కనపడదు, దండగ.

ఇప్పుడు నీ గ్లూకోజ్. లక్స్ ఆర్ జీన్ దానంతటది తెరుచుకోదు. సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువు, సీఆర్‌పీ అనే ప్రోటీన్ కలిసి దాన్ని తెరవాలి. గ్లూకోజ్ దండిగా ఉంటే సైక్లిక్ ఏఎంపీ పడిపోతుంది. లక్స్ ఆర్ తగ్గితే అణువు ఎంత పోగుపడినా పట్టుకునేవాడు ఉండడు. బంతి నిండింది, వడ్డించేవాడు రాలేదు. గ్లూకోజ్ వేస్తే వెలుగు తగ్గడం, సైక్లిక్ ఏఎంపీ ఇస్తే తిరిగి రావడం 1972లోనే చూపించారు. పైగా గ్లూకోజ్ పులిసి ఆమ్లం అవుతుంది, పీహెచ్ పడిపోతుంది. బాగా పెరగాలని పెట్టిన తిండే కొంప ముంచింది. గ్లూకోజ్ తీసేసి లీటరుకి 3 మిల్లీలీటర్ల గ్లిసరాల్ వెయ్యి, వెలిగే బ్యాక్టీరియాకి పాతకాలం నుంచి వాడేది అదే.

మూడోది 37 డిగ్రీలు. అది ఇ.కోలైకి స్వర్గం, వీటికి మే నెల మధ్యాహ్నం. ఫిషెరి లక్స్ ఆర్ 30 దాటితే సరిగ్గా పనిచేయదు. 25 నుంచి 28 మధ్య పెట్టు.

ఇంకొక్క మాట, ఇది నీ గైడ్ చెప్పాల్సింది. నువ్వు కణవా చర్మం మీద నుంచి తీసింది ఫిషెరి అని ఎవరు చెప్పారు? మన వెచ్చటి నీళ్లలో ఫోటోబ్యాక్టీరియం లియోగ్నాతి అనే ఇంకో వెలిగే బ్యాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. కాసిమేడులో కారపొడి అని చవగ్గా అమ్మే వెండిరంగు చిన్న చేప ఉంటుందే, దాని అన్నవాహిక చుట్టూ ఉండే వెలుగు అవయవంలో కాపురం ఉండేది అదే. దాని లక్స్ ఆపరాన్ పక్కన ఫిషెరిలో ఉన్నట్టు ఐ, ఆర్ జత ఉండదు. కాబట్టి పేరు తేలేదాకా నేను పైన చెప్పిన బొమ్మని థీసిస్‌లో అంటించకు.

బెళ్లందూరు బగ్

బెంగళూరు నుంచి, సాఫ్ట్‌వేర్ వాణ్ణి, బయాలజీ పదో తరగతితో సరి. ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ కదా మేడమ్. ఒకసారి పొంగాక ఆఫ్ ఎలా అవుతుంది? మా దగ్గర ఇలాంటి లూప్ రాస్తే సర్వర్ పడిపోతుంది.

పెరంబూర్ పాత ల్యాబ్

మంచి ప్రశ్న. గుంపుని విడగొట్టాలి, అంతే. హవాయిలో బొటనవేలంత బాబ్‌టెయిల్ స్క్విడ్ ఉంది. దాని పొట్టవైపు అవయవంలో ఫిషెరి కిక్కిరిసి ఉంటుంది. రాత్రి ఆ వెలుగుతో తన నీడ కింద పడకుండా దాక్కుంటుంది, వెన్నెల్లో కలిసిపోతుంది. తెల్లారగానే లోపలున్న బ్యాక్టీరియాలో 90 శాతం పైగా సముద్రంలోకి కక్కేస్తుంది. బయటపడినవి పల్చబడతాయి, అణువు నీళ్లలో కలిసిపోతుంది, జీన్లు మూసుకుంటాయి. లోపల మిగిలిన కొన్ని పగలంతా పెరిగి సాయంత్రానికి మళ్లీ బంతి నింపుతాయి. సర్వర్‌ని రోజూ పొద్దున్నే రీస్టార్ట్ చేయడం అనుకో.

రొయ్యల సీను

నెల్లూరు జిల్లా వాణ్ణి. చెన్నై దాటాక ఈసీఆర్ (తీరం వెంట వెళ్లే రోడ్డు) మీద ఒక రొయ్య పిల్లల హేచరీలో పదకొండేళ్లుగా చేస్తున్నా. మీకు వెలుగు రాలేదని ఏడుపు, మాకు వస్తే ఏడుపు. రాత్రి రెండింటికి ట్యాంకుల దగ్గర లైట్లు ఆపి చూడటం మా డ్యూటీలో భాగం. రొయ్య పిల్ల ఒక్కోటి నిప్పురవ్వలా పచ్చగా వెలుగుతూ కనపడిందంటే ఆ ట్యాంకు మీద ఆశ వదులుకోవాల్సిందే. విబ్రియో హార్వేయి అంటారు. పొద్దున్నకి అడుగున తెల్లగా పేరుకుని ఉంటాయి. ఒకసారి నా చేతులతో ఆరు ట్యాంకులు వదిలేశాను.

అక్కా, నాకో డౌటు. ఒక డీలర్ బ్యాసిలస్ ప్యాకెట్ అమ్ముతూ "ఇది బ్యాక్టీరియా మాటలు కోసేస్తుంది, అవి మాట్లాడుకోలేకపోతే జబ్బు చెయ్యలేవు" అన్నాడు. మీరు చెప్పిన అణువు సంగతేనా? నిజమేనా?

పెరంబూర్ పాత ల్యాబ్

సీనూ, డీలర్ మాటలో పావలా వంతు నిజం ఉంది. కొన్ని బ్యాసిలస్‌లలో లాక్టోన్ ఉంగరాన్ని తెంపేసే ఎంజైమ్ ఉందని 2000లో బయటపడింది. ఫిషెరి లాంటి వాటి అణువుని అది తెంపుతుంది.

మీ హార్వేయి అంత అమాయకురాలు కాదు. అది మూడు రకాల అణువులు వదులుతుంది, మూడింటికీ వేరే వేరే చెవులు పెట్టుకుంది. ఒకటే లాక్టోన్ జాతి. రెండోదానిలో బోరాన్ ఉంటుందని 2002లో తేలింది, సముద్రంలో బోరాన్‌కి కరువు లేదు. మూడోది ఇంకో రకం. లాక్టోన్ తెంపే కత్తెర మిగతా రెంటినీ ముట్టుకోలేదు.

దీని వైరింగ్ కూడా తిరగేసి ఉంటుంది. ఫిషెరిలో అణువు వచ్చి స్విచ్ వేస్తుంది. హార్వేయిలో అణువు వచ్చి బ్రేకు తీస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ చెవులు లోపలికి ఫాస్ఫేట్‌ని అందిస్తూ ఉంటాయి. అది చేతులు మారి లక్స్ ఓ అనే ప్రోటీన్‌కి చేరుతుంది. అది ఐదు చిన్న ఆర్‌ఎన్‌ఏలని తయారుచేయిస్తుంది. అవి వెలుగుని ఆన్ చేసే ప్రోటీన్ తాలూకు సందేశాన్ని పుట్టగానే నాశనం చేస్తాయి. గుంపు చేరి అణువులు పోగుపడితే చెవులు ఫాస్ఫేట్ ఇవ్వడం మానేసి వెనక్కి లాగుతాయి. చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఆగిపోతాయి, సందేశం బతుకుతుంది, వెలుగు వస్తుంది. ఆన్ చేసే ఆ ప్రోటీన్ పేరు కూడా లక్స్ ఆరే, కానీ ఫిషెరి లక్స్ ఆర్‌కి చుట్టం కాదు. ఎవరు పెట్టారో గానీ పరీక్షల్లో పిల్లల్ని చంపడానికే పెట్టినట్టుంది.

ఇంకో చిక్కు ఉంది. ఎదుటి కణంలోకి ప్రోటీన్లు గుచ్చే సూదిలాంటి ఆయుధం ఒకటి హార్వేయికి ఉంది. అది గుంపు చేరినప్పుడు కాదు, పల్చగా ఉన్నప్పుడే ఆన్‌లో ఉంటుంది. మాటలు కోసేస్తే అది ఒంటరిని అనుకుని ఆ సూది బయటికి తీస్తే? "మాట్లాడుకోలేకపోతే జబ్బు చెయ్యలేవు" అన్నది అంత సులువు కాదు. బ్యాసిలస్ తిండికి, చోటుకి పోటీ పడి విబ్రియోని తగ్గించవచ్చు, దానికోసం వాడితే వాడు. ప్యాకెట్ మీద కత్తెర బొమ్మ చూసి ఎక్కువ డబ్బులు మాత్రం పెట్టకు.

రొయ్యల సీను

ప్యాకెట్ మీద నిజంగానే కత్తెర బొమ్మ ఉందక్కా 😂 మీకెలా తెలుసు?

పెరంబూర్ పాత ల్యాబ్

తెలీదు. ఊరికే అన్నాను.

కాసిమేడు కుర్రాడు

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

మేడమ్ చెప్పినట్టు ముందు పాత ఫ్లాస్కులో మిగిలిందే ట్యూబ్‌లో పోసి ఊపాను. రాలేదు. కాబట్టి ఒక్క ఆక్సిజన్ సమస్య కాదు. తర్వాత ఒకేసారి అన్నీ మార్చకుండా విడివిడిగా నాలుగు ఫ్లాస్కులు పెట్టాను. అన్నింటిలో 50 మిల్లీలీటర్లే, అన్నీ షేకర్ మీదే. షేకర్ కోసం సీనియర్‌కి రెండు రోజులు బిర్యానీ తెచ్చిపెట్టాను. గ్లిసరాల్, 27 డిగ్రీలు: వెలిగింది. గ్లూకోజ్, 27 డిగ్రీలు: చాలా మసక, పీహెచ్ పేపర్ పసుపు వైపు తిరిగింది. గ్లిసరాల్, 37: చీకటి. గ్లూకోజ్, 37: చీకటి.

గ్లిసరాల్ ఫ్లాస్కుని పొద్దున తొమ్మిది నుంచి అరగంటకోసారి చూశాను. మొదటి మూడు గంటలు కంటికి ఏమీ లేదు, ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) మాత్రం పెరుగుతోంది. తర్వాత మొదలైంది. సాయంత్రానికి ఆ వెలుగులో నా వాచీ ముల్లు కనపడింది. ఉంగరం కూడా చూశాను, ఊపితే మొత్తం వెలగడమూ చూశాను. పదిహేనుసార్లు ఊపి ఉంటాను.

అయితే పాత కల్చర్ నీళ్లు ఫిల్టర్ చేసి కొత్త కణాలకి ఇచ్చి చూస్తే వెలుగు ముందుగా రాలేదు. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ తేడా లేదు. ఏ బ్యాక్టీరియానో పేరు తేలడానికి 16ఎస్ సీక్వెన్సింగ్‌కి పంపాను. బొమ్మ థీసిస్‌లోంచి తీసేశాను మేడమ్.

పెరంబూర్ పాత ల్యాబ్

శభాష్. ఫిల్టర్ నీళ్లతో తేడా రాలేదన్నది దాచకుండా రాయి, అదే నీ ప్రాజెక్టులో అసలు ముక్క. కాకపోతే ఆ పాత నీళ్లలో తిండి అయిపోయి ఉంటుంది. సగం పాత నీళ్లు, సగం కొత్త మీడియం కలిపి ఇంకోసారి చెయ్యి. పక్కన కంట్రోల్‌గా సగం ఉప్పునీళ్లు, సగం మీడియం. పీహెచ్ రెండింటిలో సమానం చెయ్యి. అప్పుడు కూడా రాకపోతే నమ్ముతాను.

ఈసీఆర్ సైకిల్

ఫోటో పెట్టు బ్రో.

కాసిమేడు కుర్రాడు

పెడతాను. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే వచ్చింది, ఊరికే తీస్తే నలుపే. అమ్మకీ పంపాను. ఈసారి కనపడింది. చాలాసేపు చూసి "బాగుంది నాన్నా, ఆ కణవాలు కిలో ఎంతకి ఇచ్చాడు?" అంది.